కాలరుకీ గుండీకీ మధ్య

మూడో అంతస్తు షట్టర్లు తెరుచుకోకుండా కార్పొరేషను వాళ్ళు వెల్డింగు పెడుతుంటే, చొక్కాలకు కాజాలు కుట్టే ఎర్మెలిందా మెట్ల మీద నిలబడి చూసింది. లోపల కత్తిరించిన బట్ట, కుట్టిన కాలర్లు, ఎవరో తెచ్చుకున్న ఉడికించిన మొక్కజొన్నల గిన్నె అలాగే ఉండిపోయాయి.

"నా కత్తెరన్నా తెచ్చుకోనివ్వండయ్యా," అంటూ ముసలి ఎవ్లోహియో అడ్డం పడ్డాడు. బట్ట కత్తిరించడంలో ఆ భవనంలో అతని తర్వాతే ఎవరైనా. పోలీసు అతన్ని గోడకేసి తోశాడు. ముక్కు పగిలింది.

ఎర్మెలిందా కదలలేదు.

ఆ మధ్యాహ్నం డాబా మీద అందరూ గుమిగూడారు. కార్పొరేషను ఇంజనీరు ముందే చెప్పి వెళ్ళాడు: లీమా నగరం పెరుగుతోంది, ఇక్కడ పెద్ద బజారు కడతారు, ఒప్పుకుని సంతకం పెట్టినవాళ్ళకు ఊరి చివర ఇసుకదిబ్బల్లో తలా ఒక షెడ్డు.

గుండీలు కుట్టే సబీనా లేచింది. "ఇరవై ఏళ్ళ కింద ఇక్కడ ఎలుకలు తప్ప ఎవరున్నారు? మనం చేరాకే జనం వచ్చారు. జనం వచ్చాకే ఈ చోటుకి ధర వచ్చింది. మనం పెంచిన ధరే ఇప్పుడు మనల్ని పొమ్మంటోంది. ఒక్కరు కూడా విడిగా సంతకం పెట్టొద్దు!"

"నీకేం తల్లీ," అన్నాడు కాలర్లు కుట్టే కసియానో. "సూది జేబులో వేసుకుని ఎక్కడికైనా పోతావు. మిషను మోసేవాడికి తెలుస్తుంది నడుం నొప్పి."

అందరూ నవ్వారు. ఎర్మెలిందా కూడా నవ్వింది. పొద్దున తను సంతకం పెట్టిన కాగితం రవికలో గుచ్చుకుంటూనే ఉంది. మిషను నాది, కాజాలు కుట్టే చేతులు నావి, ఎక్కడైనా బతకనా అనుకుంది. అక్కడ నవ్వినవాళ్ళలో చాలామంది అలాగే అనుకుంటున్నారని ఆమెకు తెలియదు.

ఊరి చివర తనకిచ్చిన షెడ్డు ముందు ఇసుకలో ఎర్మెలిందా మిషను దించి, వాళ్ళ ఆనవాయితీ ప్రకారం భూమితల్లికి బీరు పోసింది. మిషను కొన్న రోజున పోసిన బీరు నాలుగు మెట్లు దిగి పారితే, కింద నుంచి సబీనా, "ఏయ్ వదినా, మాకూ మిగల్చవే!" అని అరిచింది. ఇక్కడ ఇసుక ఒక్క గుక్కలో తాగేసింది. ఎవరూ అరవలేదు.

ఎడమ పక్క ఇనుప గేట్లు చేసేవాడు. కుడి పక్క కోళ్ళ దాణా. మూడు వారాల్లో ఒక్క చొక్కా రాలేదు. ఆరు కాజాల కోసం రెండు బస్సులు మారి ఎవరొస్తారు? అక్కడైతే ఎవ్లోహియో కత్తిరించిన బట్ట కసియానో దగ్గర కాలరు తొడుక్కుని, పదహారు మెట్లు దిగి తన దగ్గరికి వచ్చేది. తనకు తిండి పెట్టింది మిషను కాదు, ఆ మెట్లు. ఈ సంగతి తెలిసేసరికి చేయగలిగిందేమీ మిగల్లేదు. భవనం కూల్చడానికి ముప్పై ఎనిమిది దొంగచాటు సంతకాలు చూపించి, "వాళ్ళే ఒప్పుకున్నారు," అన్నాడట ఇంజనీరు.

కూల్చే రోజున ఆమె తిరిగొచ్చింది. భవనం ముందు కాలిబాట మీద అందరూ పని వరసలో కూర్చుని ఒక చొక్కా కుడుతున్నారు.

"ఏం వదినా, ఇసుకలో కాజాలు మొలిచాయా?" అంది సబీనా.

"నేను సంతకం పెట్టాను."

"తెలుసు. ఇక్కడ సగం మంది పెట్టారు. కూర్చో. కాలరుకీ గుండీకీ మధ్య నీ చోటు."

మిషను ఇసుకలో ఉంది. ఎర్మెలిందా బ్లేడుతో బట్ట కోసి, సూదితో కాజా కుట్టడం మొదలుపెట్టింది. పోలీసులు ముందు ఎవ్లోహియోను ఎత్తుకెళ్ళారు. తర్వాత కసియానోను. పైన యంత్రం గోడను కొరికింది. మెట్లు ఆకాశంలో వేలాడి, విరిగి పడ్డాయి. ఆమె సూది ఆగలేదు.

"లే," అన్నాడు పోలీసు. బ్లేడు లాక్కున్నాడు. చొక్కాను ఆమె గుండెకు అదుముకుంది.

పోలీసు బండిలోకి ఎర్మెలిందా వెనకే, చివరగా సబీనాను తోశారు.

"ఎన్ని కాజాలయ్యాయి?"

"ఒకటే."

"ఇటివ్వు." సబీనా శాలువా అంచున గుచ్చిన సూది తీసింది.

బండి కదిలింది. కిటికీ జాలీలోంచి ఎర్మెలిందా చూసింది. ఎదురు భవనంలో ఇంకా తాళాలు పడలేదు. అందులోంచి ఒక ఆడమనిషి చిన్న పీట పట్టుకుని దిగొచ్చింది. ఖాళీ అయిన కాలిబాట మీద కాసేపు వెతికి, ఎర్మెలిందా లేచిన చోటే పీట వేసుకుని కూర్చుంది. ఆమె వెనకే మరో పీట వచ్చింది.