మూరకు ఒక వేలు

తెలంగాణ వచ్చాక దిండి ప్రాజెక్టు అలుగు గట్టిగా దుంకింది రెండుసార్లు. ఇది రెండోసారి దుంకిన ఏటి సంగతి. ఆ ఏడు వాగు రోడ్డు మీదికొచ్చి, శ్రీశైలం దిక్కు పోయే బండ్లన్నీ కల్వకుర్తిలోనే ఆగిపోయాయి. అలా ఆగిన ఒక బస్సులోంచి బెంజమిన్ దిగాడు. అలుగు దుంకకపోతే అతను మా ఊరు దాటి అచ్చంపేటలో చెల్లెలింటికి పోయేవాడు. నా మానాన నేనుండేవాణ్ణి.

వానకు తడుస్తూ రఘుపతి చాయ్ హోటల్ రేకు కింద నిలబడితే, కిష్టయ్య చూసి ఇంటికి తీసుకుపోయాడు. కిష్టయ్య ఎవరినైనా తీసుకుపోతాడు. నేను తీసుకుపోను.

బెంజమిన్ పాలమూరులో ఒక పళ్ళ డాక్టరు దగ్గర చాలా ఏళ్ళు కట్టుడు పళ్ళు చేసినవాడు. భార్య పోయింది, పిల్లలు లేరు. కిష్టయ్య ముందుగదిలో అద్దాల అల్మారా ఉంటుంది. దాన్నిండా చిన్న చిన్న బండ్లు. జీపు, లారీ, పాత ఫియట్, ట్రాక్టరు. బెంజమిన్ దాని ముందు కుర్చీ వేసుకుని పొద్దుగూకేదాకా లేవలేదట. నీళ్ళు తీసినాక అచ్చంపేట పోయాడు, మళ్ళీ వారానికే తిరిగొచ్చాడు. కిష్టయ్య ఇంటి పక్క సందులో గది కిరాయికి తీసుకున్నాడు.

ఆ అల్మారాలో ఉన్న బండ్లన్నీ నేను చేసినవి.

నేను, కిష్టయ్య ఒకే అంబాసిడర్ నడిపినవాళ్ళం. కారు షావుకారుది. పగలు అతను, రాత్రి నేను. శివరాత్రికి శ్రీశైలం మాత్రం ఇద్దరం కలిసి పోయేవాళ్ళం. ఘాటులో ఒకడు నడుపుతుంటే ఇంకొకడు వాడికి నిద్ర రాకుండా మాట్లాడాలి. నడిపేది నేను, మాట్లాడేది కిష్టయ్య. కారు పాతదై తుక్కుకు పోయాక మా పనీ పోయింది. ఊరికే కూర్చోలేక బొమ్మబండ్లు మొదలుపెట్టాం. నూనె డబ్బా రేకుతో ఒళ్ళు, హవాయి చెప్పు రబ్బరుతో టైర్లు, మందుగోలీల అట్ట మీది ప్లాస్టిక్ బుడగలతో లైట్లు. కొలత మాది మాకే. అసలు బండి దగ్గరికి పోయి మోచెయ్యి పెట్టి మూరలు వేస్తాం. మూరకు ఒక వేలి వెడల్పు లెక్కన రేకు కత్తిరిస్తాం. ఎవరు కొలిస్తే వాళ్ళే కత్తిరించాలి. ఒకరి మూర, ఇంకొకరి వేలు కలవవు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. చేసినవాడు ఉంచుకోకూడదు. రెండో వాడికి ఇచ్చెయ్యాలి. అది కిష్టయ్య పెట్టిందే.

"నీ కూర నువ్వే తిని, నువ్వే మంచిగున్నదంటవార?" అన్నాడు అప్పట్లో.

అందుకే నా ఇంట్లో ఉన్నవన్నీ అతనివి, అతని ఇంట్లో ఉన్నవన్నీ నావి. నా పనితనం చూడాలంటే కిష్టయ్య ఇంటికి పోవాలి. ఇన్నేళ్ళలో మేమిద్దరం చేయని బండి ఒక్కటే, మా అంబాసిడర్. ఎవడు చేస్తే వాడికి దక్కదు. అదే చిక్కు.

"అంబాసిడర్ ఎప్పుడు చేస్తవ్?" అని ఒకసారి అడిగాను.

"నువ్వెప్పుడు చేస్తవ్?" అని నవ్వాడు.

బెంజమిన్ వచ్చాక ఆదివారం సాయంత్రాలు మారిపోయాయి. అంతకుముందు ఇద్దరం అరుగు మీద కూర్చునేవాళ్ళం. ఇప్పుడు మధ్యలో అతను. పళ్ళు చేసే సామాను ఒక పెట్టెలో తెచ్చుకునేవాడు. సన్న ఆకురాళ్ళు, చిన్న పట్టకార్లు, కరిగించి పోసే మైనం. ఒక రోజు పళ్ళు చేసే ప్లాస్టిక్కుతో బొమ్మకారు ముందద్దం ఒకటి పోసి తెచ్చాడు.

"ఏమిర గోపా, జర చూడు. గిది అద్దమా, నీళ్ళా?" అన్నాడు కిష్టయ్య.

నేను చూశాను. నీళ్ళలాగే ఉంది. "ఉన్నది" అన్నాను.

"ఉన్నదేందిర! బెంజమినూ, గీన నోట్లెకెళ్ళి ఉన్నది అన్నమాట వచ్చిందంటే మస్తుగున్నదన్నట్టు."

బెంజమిన్ నవ్వాడు. "గోపన్న మడత ముందల నాదేం పని? ఆ జీపు బానెట్టు చూసిన. రేకు అట్ల ఒంగుతదని నాకు తెల్వదు."

పొగిడినా నాకు నచ్చలేదు. నా జీపును కిష్టయ్య పొగిడితే చాలు. ఇతనెవరు?

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే నా భార్య జానమ్మ నా మొహం చూసి పట్టేసింది.

"ఏందయ్యా, నీకు సవతొచ్చినట్టున్నది?"

"ఊరుకో."

"ఊకుంట గని, పెద్దపెళ్ళాం లెక్క గా ముక్కు చీదుడు బంద్ చెయ్యి."

దసరా దాటాక కిష్టయ్య నా ఇంటికి రావడం తగ్గింది. బండి ఏదీ ఇవ్వలేదు. నేనొక డీసీఎం వ్యాను చేసి ఇస్తే తీసుకుని అల్మారాలో పెట్టాడు, మారుగా ఏమీ రాలేదు. అడగలేదు నేను. అడిగే అలవాటు లేదు. ఒక పొద్దున రఘుపతి చాయ్ పోస్తూ అన్నాడు.

"ఏందే గోపన్న, నువ్వు పోలేదా? మీ కిష్టయ్య, కట్టుడు పండ్ల సారు మోపెడ్ మీద దేవరకొండ రోడ్డుకు పోయిండ్రు."

"ఎందుకు?"

"మిల్లు షెడ్డుల పాత అంబాసిడర్ ఉన్నదట. కొలత తీస్తరట."

చాయ్ గ్లాసు అలాగే పెట్టేసి లేచాను. రఘుపతి వెనకనుంచి "చక్కర తక్కువైందా?" అని అరిచాడు.

కొలిచేది అంబాసిడర్‌ను. వెంట పోయింది బెంజమిన్. ఆ కారు వెనక సీటులో పడుకుని లేచినవాణ్ణి నేను. దాని క్లచ్చు ఏ గుంటలో అరుస్తుందో తెలిసినవాణ్ణి నేను. కిష్టయ్య దాన్ని చేస్తున్నాడంటే ఎవరికి ఇవ్వడానికి? ఇంతకాలం మేమిద్దరమే కాబట్టి అడగాల్సిన పని లేకపోయింది. ఇప్పుడు ముగ్గురం.

నాలుగు రోజులు ఇల్లు కదలలేదు. ఆ తర్వాత జానమ్మ కట్టుడు పళ్ళ సెట్టు విరిగింది. పేలాలు నమిలింది.

"పండ్ల సారు దగ్గరికి పోయి అతికిచ్చుకరా."

"గాయన దగ్గరికా?"

"ఇంకెవరున్నరు? నీ కోపానికి నేను గంజి తాగాల్నా?"

ఆమె మాట నిజమే. సెట్టును రుమాలులో కట్టుకుని పోయాను. బెంజమిన్ తలుపు తీసి, కుర్చీ తుడిచి కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. కిటికీ పక్క బల్ల మీద ఏదో గుడ్డ కప్పి ఉంది. గుడ్డ కింద గుండ్రటి వీపు, గుండ్రటి ముక్కు. అంబాసిడర్‌ను వంద గుడ్డలు కప్పినా నేను గుర్తుపడతాను. దాని పక్కన నా ఆకుపచ్చ జీపు ఉంది. కిష్టయ్యకు నేనిచ్చిన మొదటి బండి.

అంబాసిడర్ ఇతనికే. పైగా నేనిచ్చింది కూడా తెచ్చి ఇతనికే ఇచ్చాడు.

రుమాలు బల్ల మీద పెట్టి జీపు తీసుకున్నాను.

"ఇది నాది" అన్నాను.

బెంజమిన్ ఏదో చెప్పబోయాడు. నా మొహం చూసి ఆగిపోయాడు. "తీస్కపో అన్నా" అన్నాడు.

ఇంటికి రాగానే జానమ్మ చెయ్యి చాపింది. "నా పండ్లేవి?"

"ఆడ్నే ఉన్నయి."

ఆమె నా చేతిలో జీపును చూసింది. "ఓరి నీ పాడుగాను! జీపు తెచ్చుకున్నవ్, పండ్లు ఇడ్సిపెట్టి వచ్చినవా?"

పళ్ళు లేని నోటితో తిట్టింది. సగం అర్థం కాలేదు. అర్థమైన సగమే చాలు.

ఎండ వాలాక కిష్టయ్య వచ్చాడు. అతికించిన సెట్టు జానమ్మకు ఇచ్చి నా ముందు నిలబడ్డాడు.

"ఇచ్చిన బండి ఎత్కొస్తవార?"

నేను జీపును నా దగ్గరికి లాక్కున్నాను.

"ఇన్నేండ్లల్ల ఎవలన్న గట్ల జేసినమా? చెప్పు."

"నువ్వు నాకిచ్చిన బండిని నేను ఇంకొకనింట్ల పెట్టలే" అన్నాను. నాకు అది పెద్ద మాట. "గాయనకు అంబాసిడర్ ఇస్తున్నవ్. ఇయ్యి. నా జీపు ఎందుకిచ్చినవ్?"

"ఎవలిచ్చిండ్రు? నమూనాకు పెట్టిన. బానెట్టు గోపాడు మడిచినట్టు మడువు అని గాయనకు చూపిస్తున్న."

"గాయనెందుకు మడవాలె? నీ చేతులేమైనయి?"

జానమ్మ చాయ్ తెచ్చింది. "ఆడ పెట్టు చెల్లె" అన్నాడు కిష్టయ్య. ఆమె పెట్టి పోబోతే, "ఉండు, నువ్వు గూడ చూడు" అని కుడిచేత్తో గ్లాసు ఎత్తాడు. నోటిదాకా పోలేదు. చాయ్ సగం చొక్కా మీద, సగం నేల మీద పడింది.

జానమ్మ "అయ్యో అన్నా!" అని గుడ్డ కోసం లోపలికి పోయింది.

"ఎప్పటి సంది?" అన్నాను.

"వరదకు ముందటి సంది. దవాఖానకు పోయిన. గోలీలిచ్చిండ్రు. గిట్లనే ఉంటది, ఫికర్ చెయ్యకు అన్నరు."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వేం జేస్తవ్? ఇటు దే అని గుంజుకొని నువ్వే చేస్తవ్. నువ్వు చేసిన అంబాసిడర్ నీకెట్లియ్యాలెర? అందుకే గా మనిషిని పట్టుకున్న. మూర నాదే, వేలు నాదే. కత్తెర గాయనది."

నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా, కొంచెం. దాని కింద మంట అలాగే ఉంది. ఇన్ని నెలలూ ఆ చెయ్యి వణుకును బెంజమిన్ చూశాడు. కుంచె జారితే అతనే ఎత్తిచ్చి ఉంటాడు. ఒకే స్టీరింగు పట్టుకుని బతికిన నాకు మాత్రం ఈ రోజు, అదీ నేను గొడవ పడితే, చాయ్ ఒలకబోసి చూపించాడు. కారు నాకే వస్తోంది. ఆ నెలలు రావు.

"లే, పోదాం" అన్నాడు కిష్టయ్య.

బెంజమిన్ గదికి పోయాం. గుడ్డ బెంజమినే తీశాడు. తెల్ల అంబాసిడర్. ముందు గ్రిల్లు, మీద క్యారియరు, వెనకద్దానికి తెరలు. డ్రైవరు వైపు తలుపుకు మా కారుకు పడ్డ సొట్ట కూడా ఉంది. అది కిష్టయ్య చెబితేనే అతనికి తెలియాలి. చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాను. తప్పు వెతికాను. టైరు చూశాను, అతుకు చూశాను, అడుగున కూడా చూశాను. ఒక్క తప్పు దొరకలేదు. అదీ ఒక బాధే.

"ఎట్లున్నదిర?" అన్నాడు కిష్టయ్య.

"ఉన్నది."

"విన్నవా బెంజమినూ? మస్తుగున్నదట." కుర్చీలో కూర్చున్నాడు. "ఇగ విను గోపా. ఇద్దరం జేసినం. ఇద్దరికి నువ్వియ్యాలె. నా జీపు నాకు వాపస్ ఇయ్యి, నాకు గదే సాలు. గీనకు మాత్రం కొత్తది చెయ్యాలె. తప్పదు."

"వద్దులే కిష్టన్నా" అన్నాడు బెంజమిన్.

"వద్దంటే నడ్వది. ఏం కావాల్నో అడుగు. గోపాడు నిన్ను అడగడు, నువ్వే చెప్పాలె."

బెంజమిన్ ఆకురాయిని పెట్టెలో పెట్టాడు. మళ్ళీ తీశాడు. "బస్సు చేస్తవా గోపన్నా? మక్తల్ బస్సు."

బస్సు! మా కొలతలో కూడా అది నా ముంజేయంత అవుతుంది. రెండు వైపులా వరసగా కిటికీలు. నాకు చేతకాదని తెలిసే అడుగుతున్నాడేమో అనిపించింది. మొహంలోకి చూశాను. అతను నన్ను చూడటం లేదు.

"మా ఇంటామె పుష్ప మక్తల్ దవాఖానల నర్సు. నా కొలువు పాలమూరుల. శనివారం గా బస్సుల వచ్చేది. బస్టాండుల నిలబడి చూసేటోన్ని. బస్సు వంపు తిరుగుతుంటే కిటికీలకెళ్ళి చెయ్యి ఊపేది."

కిష్టయ్య నన్ను చూశాడు.

"చేస్త" అన్నాను. "అద్దాలు మాత్రం నావే పెడ్త. నీవొద్దు."

"నీ ఇష్టం అన్నా."

తెల్లవారి లేచి, దారపుండ జేబులో వేసుకుని బస్టాండుకు పోయాను. మక్తల్ బస్సు ప్లాట్‌ఫారం మీదే ఉంది. ముందు బంపరుకు దారం చివర నొక్కిపెట్టి, మోచెయ్యి ఆనించి మూర వేశాను. మూరకో ముడి. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఓ తాతా, ఏం సంగతి? బస్సుకు అంగీ కుట్టిస్తున్నవా?"

లోపలివాళ్ళు నవ్వారు.

"లాగు గూడ కుట్టియ్యి, టైర్లకు సలి పెడ్తుంది" అన్నది ఒక ముసలమ్మ.

నేను తలెత్తలేదు. సగం దాటానో లేదో, కండక్టర్ విజిల్ వేశాడు. బస్సు కదిలింది. వెనక భాగం ఇంకా కొలవలేదు. చెయ్యి అడ్డం పెట్టి ఆపి, ఎక్కాను.

"ఏడికి?" అన్నాడు కండక్టర్.

"జర సేపు ఎక్కడాగుతది?"

"జడ్చర్లల. చాయ్ తాగనీకె."

"జడ్చర్లకు ఒకటియ్యి" అని, ముడులు చెదరకుండా దారాన్ని గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను.