పురుగు కాపలా

నులిపురుగుల మాత్ర మూడు రోజులుగా నా శాలువా చెంగు ముడిలోనే ఉంది. బడిలో పంచిన రోజు మా పిల్ల లకెచ్ నీరసంతో పడుకుని ఉంటే, పేట ఆరోగ్య కార్యకర్త సిమెన్ ఇంటికి తెచ్చి ఇచ్చింది. కడుపునిండా తిన్నాక పిల్లచేత నమిలించమంది. సరేనన్నాను. నమిలించలేదు.

మా గొందరు ఊళ్ళో కరోనా దగ్గుజబ్బు రెండోసారి తిరగబెట్టిన రోజులవి. మా అత్తగారికీ, అడిస్ అబాబా నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న ఆవిడ చెల్లెలు షీతాయెకీ ఒకే వారంలో అంటుకుంది. అత్తగారు రెండు రోజులు దగ్గి, మూడోనాడు కాఫీ గింజలు వేయించడానికి కూర్చుంది. ఏటా తప్పకుండా పురుగుల మాత్ర మింగే షీతాయె తొమ్మిదోనాడు ఊపిరందక పోయింది.

పచ్చిమాంసం తినేవాళ్ళ కడుపులో బద్దెపురుగు ఉండటం మా వైపు వింత కాదు. రెండు నెలలకోసారి కోసో పువ్వు నూరి, ఆ చేదు తాగి పురుగుని కాస్త దించుకుంటారు. అసలు పురుగే లేని ఒంటికి కాపలా లేదని అత్తగారు ఎప్పుడూ అనేదే. షీతాయెని పూడ్చి వచ్చాక ఆ మాట కొట్టిపారేసే ధైర్యం నాకు పోయింది.

పిల్ల మాత్రం పాలిపోతోంది. తొమ్మిదేళ్ళది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. గోడమట్టి గిల్లి తింటూ రెండుసార్లు దొరికింది.

ఆ పొద్దున మా ఆయన ములుఆలెం మెతెమ సరిహద్దు నుంచి ఫోన్ చేశాడు. తన లారీ క్లీనర్‌కి దగ్గుజబ్బు తేలిందట. తనని ఇంటికి పొమ్మన్నారట, మధ్యాహ్నానికి వచ్చేస్తాడట. తనకేమీ లేదని మూడుసార్లు అన్నాడు. మూడోసారికి నాకు భయం వేసింది.

మాత్ర ఇస్తే ఉన్న కాపలా పోతుందేమో. ఇవ్వకపోతే, నెత్తురు లేని ఈ పిల్ల ఆ జబ్బుని ఏం తట్టుకుంటుంది? సిమెన్‌కి కబురు పెట్టాను.

సిమెన్ వచ్చి పిల్ల కనురెప్ప కిందికి లాగి చూసి, నా వైపు చూసింది. నేను చెంగు ముడి విప్పాను. పొయ్యి దగ్గర నుంచే అత్తగారు మాట అందుకుంది.

"ఇవ్వొద్దంది నేనే. నా పురుగే నన్ను కాచింది. మాత్రలు మింగిన నా చెల్లెలు ఎక్కడుందో నీకు తెలుసుగా."

"షీతాయె పిన్నికి చక్కెర జబ్బు కూడా ఉంది కదా పెద్దమ్మా. అయినా మీ పురుగు వేరు. అది మాంసంలో వచ్చిన దొరసాని, కూర్చుని తింటుంది. ఈ పిల్లది మట్టిలోంచి పాదంలో దూరింది. నెత్తురు తాగుతుంది."

అత్తగారికి నవ్వొచ్చింది, ఆపుకుంది.

పురుగులున్నవాళ్ళకి దగ్గుజబ్బు తేలిగ్గా పోతుందన్నది అబద్ధమా అని అడిగాను. అబద్ధమని సిమెన్ అనలేదు. పెద్ద డాక్టర్లు కూడా కొందరిలో అలా చూశారట, ఇంకా తేల్చలేదట. అది విన్నాక మాత్రని గుప్పిట్లో మూసుకున్నాను.

"పురుగు కాపలా కాయదు వదినా. తను హాయిగా తినడానికి మన ఒంటిని కాచే కుక్కని జోకొడుతుంది. అలాంటి కుక్క, దొంగొచ్చినప్పుడు పిచ్చెత్తి ఇంట్లోవాళ్ళని కరవకపోవచ్చు. అసలు మొరగకపోవచ్చు కూడా. టీకా వేసినా సరిగ్గా పట్టకపోవచ్చు. ఏది జరుగుతుందో నాకూ తెలీదు. నెత్తురు పోవడం మాత్రం నీకూ నాకూ కనిపిస్తోంది."

అత్తగారే ఇంజెరా రొట్టె ముక్క పప్పులో అద్ది, చుట్టి, పిల్ల నోట్లో పెట్టింది. ఇంకోటి పెట్టింది. చాలనేదాకా పెట్టి, నా వైపు చూడకుండా పక్కకి జరిగింది.

నేనిచ్చిన మాత్ర నమిలి, సుద్దలా ఉందని లకెచ్ మొహం చిట్లించింది. ఇంకోటి ఉందా అనీ అడిగింది. రక్తం పట్టే మాత్రలు సాయంత్రం తెస్తానని సిమెన్ లేచింది.

ఆమె వెళ్ళిన కాసేపటికి రేకు గేటు చప్పుడైంది. ములుఆలెం కూతుర్ని పిలిచి, గొంతు సవరించుకున్నాడు. దుమ్ములో అంతదూరం వచ్చినవాడు ఎవరైనా అలాగే సవరించుకుంటాడు. బయటి గదిలో పక్క వేశానని, లోపలికి రావద్దని తలుపు తీయకుండానే చెప్పాను.

పిల్ల తలుపు వైపు పరుగెత్తబోయింది. గౌను పట్టుకున్నాను. విడిపించుకోవాలని ఒళ్ళంతా గుంజింది. ఆపడానికి నాకు రెండు వేళ్ళు చాలాయి.