చిన్న కరెంటమ్మ

"ఫ్యాక్టరీకి గోళ్ళరంగెందుకమ్మా? అక్కడెవరు చూడాలని?" అంది అత్తగారు, కోడలి సంచిలోంచి ఎర్ర సీసా తీసి వెలుతురుకేసి పట్టుకుని.

కోడలు గిన్నెలు తోముతోంది. పెళ్ళయి వచ్చాక గోళ్ళకు రంగేసుకున్న పాపాన పోలేదు. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కదు, ఆ రంగు ఫ్యాక్టరీలో ఒక మర మీద వెయ్యడానికని. ఫ్యాక్టరీలో యంత్రాలకు కళ్ళలా సెన్సర్లుంటాయి. అట్టపెట్టె వచ్చిందా, చెయ్యి అడ్డుందా అని కనిపెట్టే బొటనవేలంత పరికరాలు. గోడ ప్లగ్గులోని కరెంటిస్తే అవి మాడిపోతాయి. వాటికి ఇరవై నాలుగు వోల్టులు చాలు. ఆ కొంచెం కరెంటూ అందించే సప్లై డబ్బాలను, వేలు కూడా దూరని ఇరుకు పెట్టెల్లో బిగించడం ఆమె పని. డబ్బా మూలన స్క్రూలాంటి చిన్న మర. అది తిప్పితే వోల్టులు పెరుగుతాయి. సరిగ్గా పెట్టాక దానిమీద ఒక చుక్క గోళ్ళరంగు వేస్తుంది. ఎవరైనా కదిలిస్తే రంగు పగిలి చెప్పేస్తుంది. ముట్టుకుంటే షాకైనా కొట్టని కరెంటు కదా, ఆ పని ఆడదానికిచ్చారు. మోటార్ల దగ్గరి మగవాళ్ళు ఆమెను చిన్న కరెంటమ్మ అంటారు. ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఆమె మొగుడే. అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజరు.

నిన్న ఆ రంగు పగిలి కనిపించింది. కనిపించేసరికే జరగవలసింది జరిగింది. అట్టలు కోసే కత్తి దగ్గర పెట్టె ఇరుక్కుంటే, అందరూ ప్యాకింగక్క అని పిలిచే పనిమనిషి ఎప్పటిలా చెయ్యిపెట్టి లాగింది. చెయ్యుంటే కత్తి ఆగాలి. ఆగలేదు. ఎక్కువ వోల్టులకు అక్కడి సెన్సరు మాడి, చెయ్యున్నా లేదని చెప్పింది. గ్లవ్ కొస తెగింది, వేళ్ళు దక్కాయి. చెయ్యెందుకు పెట్టిందని ఆవిడ మీదే విచారణ. ఇవాళ మేనేజరు గదిలో తేలుతుంది, ఆవిడ పని ఉంటుందో ఊడుతుందో.

"ఆ మర నేనే కొంచెం తిప్పాను," అన్నాడు మొగుడు నిన్న సాయంత్రం, బూట్లు విప్పుతూ. "చివరి సెన్సర్లకి కరెంటు చాలట్లేదు. లైను ఆపుకుని కూర్చోమంటావా?"

"రెండో సప్లై పెట్టాలని మొత్తుకున్నాను కదండీ."

"పెట్టేదాకా ఆగితే నా పదోన్నతి ఆగుతుంది. రంగు దానంతటదే పగిలిందని చెప్పు. నీ సొమ్మేం పోయింది? ఆవిడకి ఇంకోచోట పని దొరక్కపోదు."

అప్పుడామె వంటింట్లోకి వెళ్ళింది. కాఫీ ఇచ్చింది. చక్కెర తక్కువైందంటే తెచ్చి వేసింది కూడా. ఇప్పుడు గిన్నె అడుగు గీకుతుంటే ఒళ్ళు మండుకొస్తోంది, అతని మీద కొంత, ఆ చక్కెర వేసిన చేతిమీద ఎక్కువ. ఆ సప్లై మీద మొదట పెట్టినవి కొన్నే సెన్సర్లు. తర్వాత ఎవరొచ్చినా, ఒక్కటేగా, అది తాగేదెంత, తగిలించు అన్నారు. ఇంట్లోనూ అదే పాట. ఒక్క కాఫీయేగా అని అత్తగారు. పిల్లల్ని ఒక్క పూట చూడలేవా వదినా అని ఆడపడుచు. నీ ఉద్యోగమేమైనా బరువులు మోసేదా అని మొగుడు. ఏదీ పెద్దది కాదు, అదే చిక్కు. పెద్దదైతే కాదనడానికి నోరొచ్చేది. కాదనకుండా సర్దుకుని సర్దుకుని, ఇప్పుడు ఇంకో ఆడదాని వేళ్ళు కూడా సర్దెయ్యాలా? భయం లేకపోలేదు. తిరిగి ఈ గుమ్మంలోకే రావాలి. అయినా సరే అనుకుంది. అత్తగారిని సీసా అడిగి తీసుకుని సంచిలో వేసుకుని బయల్దేరింది.

మేనేజరు గదిలో ప్యాకింగక్క గోడవారగా నిలబడింది, తెగిన గ్లవ్ ఇంకా చేతిలోనే. గలగలా మాట్లాడే మనిషి, ఆ తెగిన కొసనే వేలితో తడుముతోంది. మొగుడు కుర్చీలో కూర్చుని పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

"రంగు దానంతటదే పగులుతుందామ్మా?" అన్నాడు మేనేజరు.

"పగలదు సార్. మర తిప్పితేనే పగులుతుంది. అందుకే సెన్సరు మాడింది. ఇందులో అక్క తప్పు లేదు."

"తిప్పిందెవరో తెలుసా?"

మొగుడు ఆమెకేసి చూశాడు. చుట్టాల ముందు ఆమె ఏదైనా అనబోతే చూసే చూపు అది. ఇన్నేళ్ళూ ఆ చూపుకే మాట మింగింది.

"తెలుసు సార్. మా ఆయన. నాతో ఆయనే చెప్పారు."

మేనేజరు కళ్ళజోడు తీసి, గొంతు తగ్గించి, "ఇంకోసారి ఆలోచించుకోమ్మా. ఇది రాస్తే ఇంటికెళ్ళాక ఇబ్బంది పడేది నువ్వే," అన్నాడు.

"పడందెప్పుడు సార్? ఈసారైనా ఎందుకో తెలిసి పడతాను. రాసుకోండి."