నాలుగో పేజీకి వెళ్ళండి

ఆదివారం పొద్దున్న మధులత హాలంతా కాగితాలు పరిచి, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా ఒక్కోదాని మీద ఒక్కో వంట సామాను పెట్టింది. ఒకటో పేజీ మీద పప్పుగుత్తి, రెండో పేజీ మీద అట్లకాడ.

"అమ్మాయ్, చారు గరిటె ఏదీ?" అన్నారు అత్తగారు గురువమ్మ.

"ఏడో పేజీ మీదుందండీ."

ఆవిడ కాగితం మీంచి గరిటె తీసుకుని వెళ్ళిపోయారు. ఏడో పేజీ ఎగిరి సోఫా కిందికి పోయింది.

ఒక వారపత్రిక కొత్తరకం పోటీ పెట్టింది. పేజీ చివర కథ రెండుగా చీలాలి. ఇలా చేస్తే ఫలానా పేజీకి, అలా చేస్తే ఇంకో పేజీకి. చదివేవాళ్ళు తమకి నచ్చిన దారిలో పోతారు. ఇరవై పేజీలు, కనీసం మూడు రకాల ముగింపులు. శుక్రవారానికల్లా పోస్టులో పడాలి. ఆశ అనే ఇల్లాలి కథ మధులత పందొమ్మిది పేజీలు రాసేసింది. పెళ్ళయిన పదమూడేళ్ళలో తనంతట తాను మొదలెట్టి ఇంతదూరం తెచ్చిన పని ఇదే. ఊరగాయలు లెక్కలోకి రావు, అవి అందరూ తినేస్తారు. ఇది అచ్చయితే కింద తన పేరుంటుంది. ఎవరి భార్యో రాయక్కర్లేదు.

భర్త మోహనకృష్ణ స్టీల్ ప్లాంట్‌లో ప్లానింగ్ ఇంజనీరు. బాణాలు గీసిన కాగితం ఎక్కడ కనిపించినా ఆగలేడు. ఎర్ర పెన్ను తెచ్చుకుని కింద చతికిలబడ్డాడు. అరగంట తర్వాత తలెత్తాడు.

"మధూ, ఇందులో తప్పుంది. నీ ఆశ పుట్టింటికెళ్ళినా, ఉద్యోగానికెళ్ళినా, అలిగి పడుకున్నా ఆఖరికి నాలుగో పేజీకే వస్తోంది. నాలుగో పేజీలో ఏముంది, వంటిల్లేగా?"

"అవునండీ."

"దీన్ని లూపంటారు. ఒకసారి పడితే బయటికి రాదు. మా దగ్గర మిషనైతే ఆపేస్తాం." పెన్నుకి మూత పెట్టాడు. "సరిచేసుకో. అన్నట్టు, టిఫినైందా?"

మధులత లేచి నాలుగో పేజీకి వెళ్ళింది.

ఆ రోజంతా ఆమెకి అదే గొడవ. తప్పు ఎక్కడ జరిగింది? తను రాయలేకపోయిందా, లేక ఉన్నదే రాసిందా? ఆలోచిస్తే తనకెప్పుడూ దారులకి కొరత లేదు. వంకాయా బెండకాయా, నీ ఇష్టం అనేవాడు ఆయన. నీలం చీరా ఆకుపచ్చా, నీ ఇష్టం. యూనివర్సిటీలో బీఎడ్ సీటొచ్చినప్పుడు అత్తగారు కూడా వద్దనలేదు. "చదువుకుంటానంటే మేం కాదనం తల్లీ, పని తెముల్చుకుని చదువుకో" అన్నారు. పదకొండేళ్ళయింది, అది ఇంకా తెమల్లేదు. ఎవరూ ఆపలేదు, మరి తనెందుకు వెళ్ళలేదు? వెళ్ళాలనిపించలేదా, అనిపించడానికి తీరిక దొరకలేదా? ఆశని ఎవరైనా కొడుతున్నట్టు రాసుంటే పని సులువయ్యేది. ఇంట్లో అందరూ మంచివాళ్ళే కావడంతో కథ చిక్కుపడింది. ఇరవయ్యో పేజీ తెల్లగా అలాగే ఉండిపోయింది.

సోమవారం చేపలమ్మే నూకాలు అరుగు మీద గంప దించింది.

"ఏటమ్మా, ఆ కాయితాలు? కోర్టువా?"

"కథ నూకాలూ. విను. ఆరుగుర్ని భోజనానికి తెస్తున్నానని మొగుడు ఫోన్ చేశాడు. ఆశ వెంటనే వంట మొదలెడితే నాలుగో పేజీకి. కాసేపు ఏడ్చి మొదలెడితే పదో పేజీకి. నువ్వైతే?"

నూకాలు కత్తిపీట మీద కవళ్ళ చేపలకి పొలుసు తీస్తూ ఆలోచించింది. "ఆ రెండేనా ఏటి? తలుపేసి ఎలిపోతే?"

"వెళ్ళిపోతే ఏమవుతుంది?"

"నన్నడుగుతారేటమ్మా. మీకు తెల్దా?"

"తెలీదు."

"తెలకుండా కతెలా రాత్తన్నారు? నాను సేప సూడకుండా రేటు సెప్తానా?"

మంగళవారం, బుధవారం మధులత ఊహించడానికి ప్రయత్నించింది. ఆశ తలుపేస్తుంది. గుమ్మం దిగుతుంది. అక్కడికి కలం ఆగిపోయేది. సముద్రం అని రాస్తే సినిమాలా ఉంది, గుడి అని రాస్తే అత్తగారు రాసినట్టుంది. రెండూ కొట్టేసింది.

గురువారం మధ్యాహ్నం మూడున్నరకి ఫోన్ మోగింది. "మధూ, ఇవాళ మావాళ్ళు ఐదుగురొస్తున్నారు. చేపల పులుసు పెట్టేయ్" అన్నాడు మోహనకృష్ణ. కథ చదివిన మనిషే.  మధులత రిసీవర్ పెట్టేసి, ఇరవయ్యో పేజీకని కొత్త తెల్లకాగితం మడిచి సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కుంది.

"ఎక్కడికే?" అన్నారు గురువమ్మ.

"అదే చూసొచ్చి రాయాలండీ. ఆయన ఐదుగురిని తెస్తున్నారు. రాగానే చెప్పండి, కథ రేపే పోస్టు చెయ్యాలి."

"మరి వంట?"

అది మంచి ప్రశ్నే. మధులత తలుపు దగ్గరగా వేసి గుమ్మం దిగింది. గోపాలపట్నం బస్టాపులో సింహాచలం నుంచొచ్చే బస్సు ఆగితే ఎక్కేసింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టర్.

"ఇది ఎక్కడెక్కడ ఆగుతుంది?"

అతను విసుగ్గా చూశాడు. "ఎన్ఏడీ, కంచరపాలెం, స్టేషను, కాంప్లెక్సు, జగదాంబ, పాత పోస్టాఫీసు. మీరెక్కడ దిగుతారు?"

మధులత ఆ పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి రాసుకుంది. "ఆఖరిదాకా ఇవ్వండి. మధ్యలో ఎక్కడైనా దిగాలనిపిస్తే దిగుతాను."

  ఒళ్ళో సంచి మీద కాగితం పెట్టుకుని, 'ఆశ బస్సెక్కింది' అని రాసింది. తర్వాత జరగబోయేది ఏమిటో తెలియకపోవడం పదమూడేళ్ళలో అదే మొదటిసారి.