నాలుగో కోడు

ఆదివారం పొద్దున్నే నందిగామలో పుష్పవతి చేసే పనులు మూడు. శనివారం మిగిలిపోయిన జాకెట్లకు హుక్కులు కుట్టడం, ప్రార్థనకు తెల్లచీర ఇస్త్రీ చేసుకోవడం, జగ్గయ్యపేట నుంచి ఫోనొస్తే ఎత్తకపోవడం. ఆ మూడోది తొమ్మిదేళ్లుగా మహా దీక్షగా చేస్తోంది.

ఆ ఆదివారం మాత్రం దారం కొరుకుతూ, ఎవరో చూసుకోకుండా ఎత్తేసింది.

"వదినా, పెట్టెయ్యకు," అంది తమ్ముడి భార్య బేబి. "మంచం లేవట్లేదు."

పుష్పవతికి విడమరిచి చెప్పక్కర్లేదు. జగ్గయ్యపేట చివర, ఆమె పుట్టి పెరిగిన వీధిలోని చర్చికి ఒక నులకమంచం ఉంది. నడవలేని మనిషిని ప్రార్థనకు తీసుకెళ్లాలంటే దాని మీదే. నలుగురు నాలుగు కోళ్లూ పట్టుకుంటే మంచం తనంతట తానే మోకాలెత్తు లేస్తుంది, పట్టుకున్నవాళ్లకు బరువే తెలియదు. లేవలేదంటే ఎవరికో ఎవరితోనో మాటల్లేవన్నమాట. "ఎవరిదో చూసుకోండయ్యా," అంటారు పెద్దలు. నలుగురిలో ఒకరు తల గోక్కుంటూ వెళ్లి, పక్కింటివాళ్లతో మాట కలిపి, అక్కడే టీ కూడా తాగి వస్తారు. అప్పుడు లేస్తుంది. ఇదొక వింతని ఎవరూ చెప్పుకోరు. నులక వదులైతే బిగిస్తారు, అంతే.

తమ్ముడు స్తెఫను రెండేళ్ల క్రితం క్వారీలో లారీ మీంచి జారిపడ్డాడు. ఎముక అతికిందన్నారు డాక్టర్లు, కాళ్లు మాత్రం కదల్లేదు. ఆ కబురు తెలిసి కూడా పుష్పవతి వెళ్లలేదు.

"మూడు కోళ్లు లేస్తున్నాయి వదినా. చర్చి అయ్యగారిది, ఎదురింటి ఆటో షబ్బీర్‌ది, నాది. నాలుగోదానికి ఆరుగురిని మార్చాం. అది నీదేనంటున్నారు అయ్యగారు. ఈయన అన్నం మానేసి వారమైంది. ఇట్లాగే ఉంటే మనిషి దక్కడు."

"నా కోడు వాడే విరిచేశాడు," అని ఫోన్ పెట్టేసింది పుష్పవతి.

తొమ్మిదేళ్ల కిందట అమ్మ పోయినప్పుడు, నేనొచ్చేదాకా పెట్టె మూయొద్దురా అని తమ్ముణ్ణి ఫోన్లో బతిమాలింది. బస్సు దిగి పరుగున వచ్చేసరికి పెట్టె మీద మట్టి పడిపోయింది. ఎండకి ఆగలేకపోయాం అన్నాడు స్తెఫను. ఒక్క అరగంట. తల్లి ముఖం కడసారి చూడనివ్వని తమ్ముడు ఉన్నా లేనట్టేనని ఆమె ఆరోజే తేల్చుకుంది.

మళ్లీ సూది పట్టుకుంది. కాసేపటికి చూస్తే హుక్కులన్నీ జాకెట్టుకు బయటివైపు కుట్టేసింది. ఒక్కొక్కటే విప్పుతూ ఏడ్చింది. వాణ్ణి మంచాన పడి ఉండనీ అనుకోగలిగింది గానీ, ప్రాణం పోనీ అనుకోవడం చేతకాలేదు. తెల్లచీర కట్టుకుని బస్సెక్కింది.

బస్టాండు నుంచి షబ్బీర్ ఆటోలో తీసుకెళ్లాడు. వసారాలో మంచం మీద స్తెఫను గడ్డం నెరిసి, సగానికి సగం అయిపోయి ఉన్నాడు. ఇద్దరూ పలకరించుకోలేదు. ఆమె వెళ్లి నాలుగో కోడు పట్టుకుంది. మూడు లేచాయి, అది లేవలేదు. ముగ్గురూ ఆమెవైపు చూశారు.

"నన్ను చూస్తారేంటి? కోపం పోయిందని నేనెప్పుడైనా అన్నానా?"

అయ్యగారు మంచం దించమన్నారు. "బైబిల్లో పక్షవాయువు మనిషిని నలుగురు యేసయ్య దగ్గరికి మోసుకొచ్చిన సంగతి చదివితే అందరూ మంచం మీదున్నవాడినే చూస్తారమ్మా. నేను మోసిన నలుగురిని చూస్తా. వాళ్లలో వాళ్లకి మాటల్లేకపోతే గుంపులో దారిలేనప్పుడు మంచాన్ని ఇంటికప్పు మీదికి ఎక్కించి ఆయన ముందు దించేవాళ్లా? మధ్యలోనే పడేసేవాళ్లు. ఇంకోటుంది. యేసయ్య ముందు అతని కాళ్ల సంగతి ఎత్తలేదు, పాపం సంగతి ఎత్తాడు."

స్తెఫను తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు.

"ఎండ కాదక్కా," అన్నాడు దాని కిందనుంచే. "ఆరేళ్లు అమ్మకి ముద్దలు పెట్టింది నేను. పోయేముందు మూడు రోజులూ నీ పేరే పిలిచింది. నన్ను కూడా పుష్పా అనే పిలిచింది. ఆ కడుపుమంటతో మూయించా."

బేబి కూడా ఈ మాట వినడం అదే మొదలు.

పుష్పవతికి వాడి చెంప పగలగొట్టాలనిపించింది. అమ్మ తనని పిలిచిందన్న మాట ఇంకోసారి వినాలనిపించింది. ఏది ముందో తేలక కోడు ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఏమని పిలిచింది?" అంది.

"పుష్పా, అన్నం తిన్నావా అని."

"నువ్వేమన్నావు?"

"తిన్నానమ్మా అన్నా. నువ్వే అన్నట్టు."

ఆమె తువ్వాలు లాగేసి, కొంగుతో వాడి ముఖం తుడిచింది. "ఈ మాట తొమ్మిదేళ్లు దాచుకున్నావేంరా," అంది. "పోన్లే. ఇక వదిలెయ్. నేనూ వదిలేశా."

మంచం లేచింది.

వీధి చివర చర్చివైపు తిరగాల్సింది, సమాధుల తోటవైపు తిరిగింది. పట్టుకున్న నలుగురూ దాని వెంటే నడిచారు. అమ్మ సమాధి పక్కన మంచం మెల్లగా దిగింది. స్తెఫను పాదాలు మట్టి మీద పెట్టాడు. అక్క భుజం పట్టుకుని లేచి, ఊగుతూ నిలబడ్డాడు.

"అమ్మా, అక్కొచ్చింది," అన్నాడు.

దూరంగా చర్చి మైకులో రెండో పాట మొదలైంది. ప్రసంగానికి ఆలస్యమైపోతోందని అయ్యగారు ముందు పరుగెత్తారు. తిరుగుదారిలో మంచం మామూలు మంచంలాగే బరువుగా ఉంది. పుష్పవతి, బేబి, షబ్బీర్ తలో కోడూ పట్టుకున్నారు. నాలుగోది స్తెఫను పట్టుకుని నడిచాడు.