ఊతప్పంలో నాలుగు చిల్లులు

పొద్దున ఏడు గంటలు. రాత్రంతా కురిసిన వాన వెలిసింది గానీ మబ్బు విడవలేదు. తిరుత్తణి స్టేషన్ పక్క సందులో గోవిందమ్మ టిఫినంగడి పొయ్యి వెలిగింది.

ఆ సందు పిల్లలు లొకేషన్ పెట్టి ఫోన్లో ఫోటో వేస్తే చాలు, పటంలో గుర్తు పెట్టినట్టు వాళ్లున్న చోట ఆమె దోసెలో చిల్లు పడుతుంది. గరిటె ఆనిన నడిమధ్య తిరుత్తణి. దుబాయి, సింగపూరు చూడాలంటే పలచగా పెద్ద రోస్టు దోసె పొయ్యాల. చుట్టుపక్కలకైతే ఊతప్పం చాలు.

"మీవాడు ఆత్తిపట్టులో నైట్ డ్యూటీ అంటివే వల్లక్కా? చూడు, పొన్నేరిలో ఉండాడు," అనింది గోవిందమ్మ పెనం చూపించి.

"వాడు మనసు పడిన ఆ పిల్ల ఊర్లోనా! రానీ వాణ్ని," అని టిఫినుకొచ్చిన సుందరవల్లి ఆ ముక్కే తుంచి చట్నీలో ముంచింది.

ఏడున్నర రైలుకు తిరువళ్లూరు కాలేజీకి ఐదుమంది బయల్దేరినారు. నరేష్, విమల్, దేవా, రంజిత, గోవిందమ్మ కూతురు జ్యోతిక.

"నా ఫోను ఇయ్యిమా."

"పరీక్షలు అయిపోనీ, ఇస్తా."

గోవిందమ్మ దాచిపెట్టిన ఫోను బియ్యం డబ్బాలో ఉంది. జ్యోతిక సంచి తగిలించుకోని పోయింది.

పది గంటలకు ఊతప్పం తిప్పబోయి గోవిందమ్మ ఆగింది. తిరువళ్లూరు దాటి, తామరైపాక్కం ఆనకట్ట కాడ, నాలుగు చిల్లులు ఒకదాన్నొకటి ఆనుకోని ఉండాయి. వాటిలోంచి నీళ్లూరి పెనం చుర్రుమంటా ఉంది.

తామరైపాక్కంలో వరి పండించే అన్న దండపాణికి ఫోన్ చేసింది.

"అన్నా, ఆనకట్ట కాడికి పరిగెత్తు. మన సందు పిల్లోళ్లు నీళ్ల మధ్యలో ఉండారు."

"పైనుంచి నీళ్లు వదిలినారు మే! పంక్చరంగట్లో ట్యూబులు తీస్కపోతా. ఎంతమంది?"

ఎప్పట్లాగే పెనం చూసి లెక్కపెట్టింది.

"నలుగురు."

ఫోన్ పెట్టేసినాక, జ్యోతిక ఫోనున్న బియ్యం డబ్బా కంటబడింది. మళ్లీ చేసింది. మళ్లీ మళ్లీ చేసింది. దండపాణి ఫోను గట్టు మీద, అతను విప్పి పడేసిన చొక్కాలో మోగతా ఉంది.

వీడియో తీసుకుందామని ఎక్కిన బండ మీద ఐదుగురూ నడుములోతు నీళ్లలో నిలబడి ఉండారు. దండపాణి తాడుకు కట్టి తెచ్చిన ట్యూబులు నాలుగు. మొదటిది మేనకోడలి మెడలో వేసినాడు. ఆమె తీసి పక్కనున్న పిల్లకు తొడిగింది.

"రంజితకు ఈత రాదు మామా. నాకొచ్చు కదా."

నలుగుర్నీ గట్టుకు లాగి వెనక్కి తిరిగేసరికి బండ కనబళ్లేదు.

సాయంత్రం అంగడి ముందర ఆటో ఆగింది. దండపాణి చెల్లెలి మొహం చూళ్లేక చక్రం పక్కనే కూలబడినాడు. ఎవరూ ఏడవలేదు, ఆమె ఏడిస్తే ఏడుద్దామని చూస్తా ఉండారు.

గోవిందమ్మ దిగిన ఒక్కొక్కరి తలా చేత్తో తాకింది. తడి ఇంకా ఆరలేదు.

నరేష్. విమల్. దేవా. రంజిత.

నలుగురు.

మళ్లీ నరేష్ కాడ్నించి మొదలుపెట్టింది.