కార్యదర్శి గారి మొదటి సంతకం

ఆఫీసులో కూర్చోమని ఎవరూ అనని గుమస్తాని అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శిని చేశారు. ఇక కాళ్లు నేల మీద ఆనుతాయా?

అతని పేరు ప్రతిపాదించింది కింది వాటాలో ఉండే సొంత అన్న. నడుము కింద చచ్చుబడిన మనిషి, చక్రాల కుర్చీలో గుమ్మం ముందరి ర్యాంపు మీదుగా పార్కింగులో జరిగే మీటింగుకి దిగివచ్చి మరీ చెయ్యెత్తాడు. "మావాడు మెతకే గానీ అన్యాయం చెయ్యడు" అన్నాడు పాపం.

అధ్యక్షుడు అప్పుడే రెండో కారు కొన్నాడు. దాన్ని పెట్టడానికి ర్యాంపు అడ్డం.

"ర్యాంపు తీసెయ్యాలని కమిటీ తీర్మానించేసింది, సెక్రటరీ గారూ. నోటీసు మీద సంతకం మాత్రం మీరే పెట్టాలి, అది మీ పదవి పని" అన్నాడు అధ్యక్షుడు. కోశాధికారి బుద్ధిగా తలాడించాడు.

గుమస్తా నీళ్లు నమిలాడు. "అది మా అన్నయ్యదండీ..."

"ఇబ్బందైతే చెప్పండి. మూడో అంతస్తు డాక్టరు గారు ఈ పదవికి ఎప్పుడంటే అప్పుడే సిద్ధం."

చిన్నప్పుడు తనని భుజాన వేసుకుని తిప్పిన అన్న గుర్తుకొచ్చాడు. గుండె కలుక్కుమంది. కానీ ఆ 'గారూ' అన్న పిలుపు పోతుందనుకుంటే ఇంకా ఎక్కువ కలుక్కుమంది. సంతకం పెట్టాడు, అదీ వంకరపోకుండా.

వదిన నోటీసు పట్టుకుని పైకొచ్చింది. "ఇక మీ అన్నయ్య గుమ్మం దాటేదెలాగయ్యా?"

"కమిటీ నిర్ణయం వదినా. నా చేతుల్లో ఏముంది?"

"కలం ఉంది కదయ్యా" అని ఆవిడ వెళ్లిపోయింది. మర్నాడు కూలీలొచ్చి ర్యాంపు పగలగొట్టారు.

తరవాతి మీటింగులో చర్చకు వచ్చింది ఒక్కటే, ర్యాంపు మళ్లీ కట్టించమని అన్న పెట్టుకున్న అర్జీ. అర్జీదారు హాజరు కాకపోతే అర్జీ కొట్టేస్తారు. గుమస్తా లేచి, గొంతు సవరించుకుని హాజరు పిలిచాడు. అన్న వాటా నంబరు రాగానే పార్కింగు వైపు కిటికీలోంచి జవాబొచ్చింది.

"ఉన్నాన్రా."

అందరూ తలలు తిప్పి చూశారు. అధ్యక్షుడు మాత్రం గుమస్తా వైపే చూశాడు. "మీటింగుకి వచ్చినవాళ్లనే కదా రాసుకోవాలి, సెక్రటరీ గారూ?"

"అవునండీ" అన్నాడు గుమస్తా. 'గైర్హాజరు' అని రాశాడు.

"ఒరే తమ్ముడూ, ఇక్కడే ఉన్నాన్రా" అన్నాడు అన్న మళ్లీ, వినపడలేదేమోనని.

గుమస్తా పక్క వాటా నంబరు పిలిచాడు.